అకామా ఒకరి దగ్గర, పని ఇంకొకరి దగ్గర

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, కువైట్‌కు పనికి పోయేవాళ్ల నోట ‘ఆజాద్ వీసా’ మాట వినని ఊరు అరుదు. ‘ఏ వీసా మీద పోతా ఉండావు నాయనా?’ అని పెద్దాయన అడిగితే, ‘ఆజాదే మామా, యాడైనా పని చేసుకోవచ్చు’ అని కుర్రాడు కాస్త గొప్పగానే చెబుతాడు. తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో మొదలైన ప్రయాణం చెన్నైలో విమానం ఎక్కేదాకా ఆ మాట మీదే నడుస్తుంది.

కువైట్ చట్టంలో అలాంటి వీసా లేదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేవి రెండు: ఇంటి పనికి 20వ నంబరు, కంపెనీ పనికి 18వ నంబరు. ఏదైనా పైన ఒక కఫీల్, అంటే పూచీ పడే యజమాని, ఉండి తీరాలి. అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, అతని పేరు మీద ఉంచుకుని, అతనికి డబ్బు కట్టుకుంటూ, బయట ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకోవడాన్నే ఆజాద్ అంటున్నారు. మనవాడు అప్పు చేసి కొన్న స్వేచ్ఛ అక్కడి పోలీసుకు నేరం.

కువైట్ జనాభా సుమారు 50 లక్షలు. అందులో ఆ దేశ పౌరులు మూడో వంతు కూడా ఉండరు. భారతీయులే 10 లక్షల దాకా ఉన్నారు. ఇంతమందితో నడిచే దేశంలో వలస వచ్చినవాడు పౌరుడయ్యే దారి మాత్రం లేనట్టే. ముప్పై ఏళ్లు కారు నడిపినా, అకామా అయిపోయిన రోజు పెట్టె సర్దుకోవాల్సిందే. అమెరికా గ్రీన్‌కార్డు క్యూ మీద మన టీవీల్లో గంటలకొద్దీ చర్చలు నడుస్తాయి. కువైట్‌లో నిలబడటానికి క్యూ కూడా లేదు, అందుకేనేమో చర్చా లేదు. (వీసా వస్తే కొండకు నడిచొస్తామనే మొక్కు మాత్రం ఇద్దరిదీ ఒకటే.)

2018లో, 2020లో, మళ్లీ 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. అకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చన్నారు. మనం దాన్ని దయగా చెప్పుకుంటాం. నాకైతే చెరువు నిండినప్పుడు తూము ఎత్తినట్టు అనిపిస్తుంది. నీళ్లు ఏ కాలువలో వచ్చాయని అడిగేవాళ్లు లేరు.

ఇప్పుడు కొంత అడుగుతున్నారు. 2025 జనవరి 5న అమల్లోకి వచ్చిన కొత్త నివాస చట్టం వీసాలు అమ్ముకునేవాళ్లకు మూడు నుంచి ఐదేళ్ల జైలు, 5 వేల నుంచి 10 వేల దినార్ల జరిమానా పెట్టింది. వీసా అంగడి సరుకైపోయిందని ఆ ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అదే ఏడాది జులై 1 నుంచి ఇంకో నిబంధన తెచ్చారు: 18వ నంబరు వీసా వాళ్లు దేశం దాటాలంటే యజమాని అనుమతి కావాలి. అమ్మేవాణ్ని పట్టుకుంటామంటూనే తాళంచెవి మళ్లీ యజమాని చేతికే ఇచ్చారు.

ఇంటి పనివాళ్ల కోసం 2015లో చేసిన చట్టం చదవడానికి బాగుంటుంది: రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు, అప్పటి లెక్కలో సుమారు 13 వేల రూపాయలు. తలుపు మూసిన ఇంట్లో ఆ గంటలు లెక్కపెట్టేది ఎవరు?

అరబ్బుల్ని తిట్టడం మనకు తేలిక. మన ఇంటి సంగతి చూద్దాం. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సింది గరిష్ఠంగా 30 వేల రూపాయలు, ఆపైన జీఎస్టీ. పల్లెలో ఆ ఏజెంటు కనపడడు. కనపడేది సబ్ ఏజెంటు, చాలాసార్లు బావమరిదో, అక్కడే డ్రైవరుగా ఉన్న చిన్నాయనో. లెక్క లక్షల్లోకి పోతుంది, రసీదు ఉండదు. సొంతవాడి మీద కేసు ఎవరు పెడతారు?

ముప్పై ఏళ్లలోపు ఆడవాళ్లు గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్లకూడదన్న మన నిబంధన వాళ్ల రక్షణకే పెట్టారు. అవసరం వయసు చూడదు కదా. దాంతో విజిట్ వీసా ఇచ్చి వేరే దేశం మీదుగా దాటించే దందా పుట్టింది. ఈ నిషేధం తీసేసి, పంపేవాణ్ని పట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. విదేశాలకు పనికి పోయేవాళ్ల కోసం మన ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వేదిక ఈ-మైగ్రేట్‌లో నమోదై వెళ్లినవాళ్లకే అది. విజిట్ వీసా మీద దాటిన ఆడమనిషి మన ప్రభుత్వ లెక్కలో పనికి వెళ్లనేలేదు.