వంతెనకు షష్టిపూర్తి చేయరూ!

మా ఇంటికి దగ్గర్లో ఒక వంతెన శుక్రవారం ఉపవాసం ఉంటుంది. వేళాకోళం కాదు. బెంగళూరు తుమకూరు రోడ్డులో పీణ్య ఫ్లైఓవర్ మీదికి 2024 జూలైలో లారీలనూ బస్సులనూ మళ్ళీ రానిచ్చినప్పుడు పెట్టిన షరతే అది. శుక్రవారం పొద్దున ఆరు నుంచి శనివారం పొద్దున ఆరు దాకా భారీ వాహనం ముట్టదు. కార్లూ స్కూటర్లూ అయితే పర్వాలేదు, పాలూ పళ్ళూ లాంటివి కదా. మా ఆవిడ శుక్రవారం కూడా ఇదే పద్ధతి. కాకపోతే ఆమెది భక్తి, దీనిది కీళ్ళ నొప్పి.

ఇదేమీ ముసలిది కాదండీ. పుట్టింది 2010లో, అంటే మా చిన్నవాడి ఈడు. 2021 డిసెంబరు 25న, 102, 103 స్తంభాల మధ్య లోపలి కేబుళ్ళు దెబ్బతిన్నాయని నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వంతెన మొత్తం మూసేశారు. పదకొండేళ్ళ వయసులో మావాడికి ఇంకా ఒకటో రెండో పాలపళ్ళు ఊడాల్సి ఉంది. వాడి తోటిది మాత్రం ఏకంగా మంచాన పడింది. మన వంతెనల కోడ్ పుస్తకంలో ఆయుష్షు నూరేళ్ళని రాసి ఉంటుంది. శతమానం భవతి అని మనమూ అక్షింతలు వేస్తూనే ఉంటాం.

ఇలాంటి వంతెనల్లో కాంక్రీటు లోపలి గొట్టాల్లోకి ఉక్కు తీగల కట్టలు దూర్చి, జాకీలతో లాగి బిగించి, మిగిలిన ఖాళీలో సిమెంటు పాలు నింపుతారు. ఆ బిగువు పేరు టెన్షన్. పాలు ఎక్కడైనా సరిగా నిండలేదా, అక్కడికి గాలీ తేమా చేరి తీగ తుప్పు పడుతుంది. అంటే వంతెనకు టెన్షన్ ఉన్నన్నాళ్ళూ మనకు ఉండదు. దానికి తగ్గిన రోజు నుంచి మనకు మొదలు. చివరికి మా పీణ్య వంతెనను బెంగళూరులోని సైన్సు సంస్థ ఐఐఎస్సీ నిపుణులు వచ్చి చూశారు. 2022 ఫిబ్రవరిలో చిన్న బండ్లను వదిలారు. పెద్ద బండ్లు రెండున్నరేళ్ళు కిందే పాకాయి.

అలా పాకుతున్న రోజుల్లో, 2023 ఎండాకాలంలో, దాసరహళ్ళి దగ్గర నా స్కూటరు పక్కన ఒక లారీ గంటసేపు ఆగింది. తాడిపత్రి బండల లోడు. డ్రైవరు తువ్వాలు తలకు చుట్టుకుని కిందికి దిగాడు, టైరును కాలితో ఒకసారి తన్ని చూశాడు, తర్వాత తల పైకెత్తి ఫ్లైఓవర్ కేసి చూశాడు.

"ఇది ఎప్పటిది సామీ?"

"2010."

"నా బండి 2009 మోడలు. దీనికంటే ఒక ఏడాది పెద్దది. ఏటా ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేపించుకోకపోతే నన్ను రోడ్డెక్కనీరు. బ్రేకు చూస్తారు, లైటు చూస్తారు, ఆఖరికి వెనక అంటించిన స్టిక్కరూ చూస్తారు. మరి దీనికి ఎఫ్‌సీ ఎవరు చేపిస్తారు?"

నేను పన్ను కట్టే పౌరుణ్ణి కాబట్టి నోరు మూసుకున్నాను.

ఎఫ్‌సీ అసలు లేదని అనలేం. 2016లో కేంద్రం వంతెనలకు జాతకాలు రాయించడం మొదలుపెట్టింది. జాతీయ రహదారుల మీద ఉన్న ప్రతిదానికీ ఒక నంబరు, ఆరోగ్య స్థితి, అన్నీ కంప్యూటర్లో ఎక్కాయి. జాతకంలో గండం కనిపించాక శాంతి జరిపించాలి కదా. పేచీ అక్కడే. పురిటికి డబ్బుంది, పోయాక పదో రోజుకీ డబ్బుంది. మధ్యలో మందులకు మాత్రం చెయ్యి ఆడదు. గుజరాత్‌లో మహీ నది మీది గంభీర వంతెననే చూడండి. 1985 నాటిది. దాని స్థానంలో కొత్తది కట్టడానికి 212 కోట్లకు అనుమతి వచ్చేసింది కూడా. ఆ కాగితాలు నడుస్తుండగానే 2025 జూలై 9న పాతది విరిగి పడింది. ఇరవై మంది దాకా పోయారు. ఎక్స్‌గ్రేషియా మాత్రం ఆ రోజే ప్రకటించారు.

మా కర్ణాటకదీ ఒకటుంది. కార్వార్‌లో కాళీ నది మీద 1983 నాటి వంతెన. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కనే కొత్తది కట్టారు. ముసలిదానికి విశ్రాంతి దొరికిందనుకుంటున్నారా? కొత్త కోడలు వచ్చినంత మాత్రాన అత్తగారికి వంట తప్పుతుందా! ఒక వైపు ట్రాఫిక్ కోడలికి, ఇంకో వైపు అత్తగారికి పంచారు. 2024 ఆగస్టు 7 అర్ధరాత్రి దాటాక అత్తగారు నదిలో పడిపోయింది, ఒక లారీతో సహా. డ్రైవరు బతికి బయటపడ్డాడు. మన దగ్గర వంతెన మార్చడం అంటే ఇదే, పాతదాని పక్కన ఇంకోటి నిలబెట్టడం.

పాత వంతెన మీద ఎవరూ రిబ్బన్ కత్తిరించరు. కేబుల్ మార్చినందుకు శిలాఫలకం వేయరు. గొట్టంలో సిమెంటు పాలు నింపుతుంటే పక్కన నిలబడి ఫొటో దిగే నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు. అందుకని ప్రభుత్వానికి నాదొక విన్నపం: వంతెనలకు షష్టిపూర్తి ప్రవేశపెట్టండి. అరవై దాకా ఆగితే పిలుపులకు మనిషి దొరకడు కాబట్టి ముప్పైకే పెట్టుకుందాం. షామియానా, సన్నాయి, మంత్రిగారికి శాలువా, కొత్త కేబుళ్ళకు పసుపు కుంకుమ. శిలాఫలకం మీద పేర్లు ఎంత పెద్ద అక్షరాలతోనైనా చెక్కించుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు. ఒక్క జాగ్రత్త. షష్టిపూర్తిలో పాత దంపతులకే మళ్ళీ తాళి కట్టిస్తారు. ఇక్కడ మాత్రం పాత కాంట్రాక్టరుకే కట్టబెట్టకండి.

ఖర్చుకేం లోటు లేదు. జాతీయ రహదారుల టోల్ లెక్కలో ఒక కిలోమీటరు వంతెన పది కిలోమీటర్ల రోడ్డుతో సమానం. పొడుగాటి వంతెనలకు మరీ భారమవుతోందని 2025 జూలైలో ఆ లెక్కను సవరించి కొంత తగ్గించారు. అయినా ఇంత సంపాదించే ప్రాణి ఇంకోటి ఏ ఇంట్లోనూ ఉండదు. ఆ సంపాదనలోంచి నెలనెలా పీఎఫ్ కోసి, దాని పేరునే, ఇంకో రోడ్డు పెళ్ళికి వాడుకోకుండా దాస్తే చాలు. నా జీతంలో అడక్కుండానే కోస్తున్నారు కదా.

పిలుపులు వెంటనే మొదలుపెట్టొచ్చు. ముహూర్తం మాత్రం శుక్రవారం పెట్టకండి. ఆ రోజు మా పీణ్య దానికి పెద్ద బండెక్కి వచ్చే చుట్టాలు పనికిరారు.