సగటు వాతావరణంలో సైకిల్ యాత్ర

దూరయాత్రకు సైకిల్ సిద్ధం చేసుకునేవారి శ్రద్ధను శంకించడానికి వీల్లేదు. సీటును నిలిపే గొట్టాన్ని గ్రాముల్లో తూస్తారు. బరువు తగ్గాలని టూత్‌బ్రష్ పిడి సగానికి కోస్తారు. ఏ నెలలో బయల్దేరాలన్న చిల్లర విషయాన్ని మాత్రం సెలవు మంజూరు చేసే అధికారికి వదిలేస్తారు. రుతుపవనాలు కూడా ఆయన సంతకం కోసమే కాచుకుని ఉంటాయని వారి విశ్వాసం.

కాస్త ముందుచూపున్నవారు సగటు చూస్తారు. ‘ఆ నెల సగటు 18 డిగ్రీలే, హాయిగా ఉంటుంది’ అని ప్రకటిస్తారు. ఉంటుంది, ఎవరు కాదన్నారు? ఎడారి పీఠభూమిలో మధ్యాహ్నం 32, తెల్లవారుజామున 4. కలిపి రెండుతో భాగిస్తే 18 వచ్చి తీరుతుంది. ఆ హాయి రోజుకు రెండుసార్లు, ఎక్కే ఎండలో ఒకసారి, దిగే ఎండలో ఒకసారి, పలకరించి వెళ్లిపోతుంది. వాన లెక్కా అంతే. నెలకు 90 మిల్లీమీటర్లంటే రోజుకు 3 చొప్పున మర్యాదగా కురవాలని లేదు. రెండు సాయంత్రాల్లో కుమ్మరించి పోవచ్చు, పాతిక రోజులు ముసురు పట్టనూవచ్చు. మొదటిదైతే ఓ చూరు కింద నిలబడితే సరి. రెండోదైతే మేజోళ్లు ఆరవు, చైను తుప్పుపడుతుంది, తడి ఇసుక చేరి బ్రేకు ప్యాడ్లతోపాటు రిమ్మునూ అరగదీస్తుంది. 30 ఏళ్ల వాతావరణ పట్టికలో వాన పడే రోజులెన్ని, కనిష్ఠమెంత, గాలి ఎటు అన్న గడులు కూడా ఉంటాయి. అవి అలంకారానికి కాదు.

పట్టిక సాధారణంగా లోయలోని ఊరిది, మీ దారేమో కనుమ మీదుగా. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గించుకోవాలి. ఊళ్లో 20 ఉంటే, ఊరికన్నా 3000 మీటర్లు ఎత్తున్న కనుమలో సున్నా చుట్టుపక్కల. ఎక్కేటప్పుడు చెమటకు తడిసిన చొక్కాతోనే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దిగడం వీరలక్షణమే. కాకపోతే నాలుగో మలుపుకు వేళ్లు మొద్దుబారి బ్రేకు లివరు మాట వినదు. పొడి బనీను, గాలి చొరబడని జాకెట్టు, నిండు గ్లౌజులు శిఖరం మీదే వేసుకోవాలి. వేసవి కొండల్లో ఉరుములు మధ్యాహ్నం మొదలవుతాయి కాబట్టి ఆ ఫొటో ఏదో 12 లోపే దిగి కిందికి రావాలి.

గాలికి మన ప్రణాళికల్లో చోటే లేదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఎదురుగా 20 కిలోమీటర్ల గాలి వీస్తే, గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో పడమటి గాలులు ఉధృతంగా వీచేది అక్కడి వేసవిలో, అంటే అందరూ బయల్దేరే డిసెంబరు, జనవరిలోనే. అమెరికా పసిఫిక్ తీరంలో వేసవి గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తుంది కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి తొక్కాలి. పటంలో ఉత్తరం పైనుంది గనక దక్షిణానికి అంతా దిగుడేనని నమ్మేవారూ అటే వెళ్తారు. అజ్ఞానం కలిసొచ్చే అరుదైన దారి అది.

మనాలి–లేహ్ దారి ఇంకో చమత్కారం. జులైలో రోహ్‌తాంగ్ కనుమకు ఇటు బురద, కొండచరియలు, అటు వానమబ్బులు కొండ దాటి రాని వర్షచ్ఛాయలో దుమ్ము. వానకని పూసిన చిక్కటి చైను నూనె దుమ్మును పట్టుకుని ఆకురాయిలా గేరు చక్రాల పళ్లను అరగదీస్తుంది. ఎండకని పూసిన పొడి రకం తొలి వానకే కొట్టుకుపోతుంది. రెండు సీసాలూ, తుడిచే గుడ్డా ఉండాలి. టూత్‌బ్రష్ కోసి మిగిల్చిన బరువు ఇక్కడ పనికొస్తుంది.

స్లీపింగ్ బ్యాగు మీది మూడు ఉష్ణోగ్రత అంకెల్లో అన్నిటికన్నా తక్కువదాన్ని చూసి కొంటారు. అది నిద్రపోవడానికి కాదు, పొద్దున ప్రాణంతో ఉండడానికి. చూడాల్సింది ‘కంఫర్ట్’ అంకె.

60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్‌లో పగలు దాదాపు 19 గంటలు. డిసెంబరులో 6 గంటలు కూడా ఉండదు. రోజుకు 120 కిలోమీటర్లు, గంటకు 15 చొప్పున, అంటే 8 గంటలు. మిగిలిన రెండు గంటలూ లైటు మీద ఆధారం, ఆ బ్యాటరీ చలికి ముందే నీరసిస్తుంది. గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెడితే పాడైపోతుంది గనక రాత్రికి దాన్ని స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోవాలి. నీటి ఫిల్టరు ఒకసారి గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు, దాన్నీ లోపలికే. సున్నా దగ్గర పొయ్యి గ్యాస్ బ్యూటేన్ ఆవిరి కాదు, గ్యాస్ డబ్బానూ లోపలికే. తడి మేజోళ్లు ఆరడానికి వేరే చోటు లేదు. ఇక యజమానికి చోటు మిగిలితే, ఆయనా పడుకోవచ్చు.