ఎడ్యుకేషన్ లోన్ ఉంది కదా, దాచడం ఎందుకు అంటున్నవాళ్లకు

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. పిల్లల చదువు కోసం డబ్బు కూడబెట్టడం తెలివితక్కువ పనట. ఏడున్నర లక్షల దాకా హామీ లేకుండా బ్యాంకే ఇస్తుందట. ఉద్యోగం వచ్చేదాకా పైసా కట్టక్కర్లేదట. కట్టిన వడ్డీ మొత్తం ఇన్‌కమ్ ట్యాక్స్‌లో తిరిగొస్తుందట. ఉద్యోగం రాకపోతే ప్రభుత్వమే చూసుకుంటుందట. ఇందులో చాలా మాటల వెనక ఒక నిజమైన రూలు ఉంది, జనం నమ్మేది అందుకే. కాకపోతే ఏ రూలూ పూర్తిగా చెప్పలేదు. హైస్కూలు పిల్లలున్న తల్లిదండ్రులు దీన్ని నమ్మి ఊరుకుంటే, చెప్పకుండా వదిలేసిన భాగమంతా రేపు ఇరవై రెండేళ్ల పిల్లల నెత్తిన పడుతుంది.

ముందు ‘ఉద్యోగం వచ్చేదాకా కట్టక్కర్లేదు’ అనే మాట చూద్దాం. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. బ్యాంకులు పాటించే నమూనా పథకంలో మారటోరియం, అంటే వాయిదాలు కట్టక్కర్లేని గడువు, కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ ఏడాది తిరిగేసరికి ఈఎంఐ మొదలవుతుంది. పైగా మారటోరియంలో ఆగేది వాయిదా మాత్రమే, వడ్డీ ఆగదు. మొదటి విడత విడుదలైన రోజు నుంచే అది లెక్కలోకి వస్తుంది. మారటోరియం అయ్యాక ఆ వడ్డీని అసలులో కలిపి ఈఎంఐ లెక్క వేస్తారు.

అంకెల్లో చూస్తే విషయం తేలిపోతుంది. బీటెక్‌కి 7.5 లక్షల లోను, ఏటా 1,87,500 చొప్పున నాలుగు విడతలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. మొదటి విడతకు అయిదేళ్లు, రెండోదానికి నాలుగు, మూడోదానికి మూడు, చివరిదానికి రెండేళ్లు బారువడ్డీ పడుతుంది. మొత్తం 2,62,500. అంటే ఈఎంఐ మొదలయ్యే రోజుకి అప్పు 7.5 లక్షలు కాదు, 10,12,500. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 13,380, మొత్తం చెల్లింపు 16 లక్షలు దాటుతుంది. పదిహేనేళ్లకు పెట్టుకుంటే నెలకు 10,880 అవుతుంది గానీ మొత్తం 19.5 లక్షలు దాటుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరి నెలకు పాతిక వేలు తెచ్చుకునే కుర్రాడి జీతంలోంచి 13,380 పోతే, అద్దెకీ తిండికీ ఇంటికీ మిగిలేదెంతో తల్లిదండ్రులే లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు ‘దాచడం దండగ’ అన్న మాటను ఈ లెక్క పక్కన పెట్టండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడేళ్లపాటు నెలకు 3,000 పక్కన పెడితే, ఒక్క రూపాయి వడ్డీ రాకపోయినా 2,52,000 పోగవుతుంది. పైన చెప్పిన మారటోరియం వడ్డీ దాదాపు అంతే! ఆ డబ్బుతో మొదటి ఏడాది ఫీజు కట్టేసి లోను తగ్గించుకోవచ్చు. ఆడపిల్లకు సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే, పద్దెనిమిదేళ్లు నిండాక గానీ పదో తరగతి పాసయ్యాక గానీ చదువు కోసం నిల్వలో సగం వరకూ తీసుకోవచ్చు. నెలకు మూడు వేలు అందరికీ సాధ్యం కాదని నాకు తెలుసు. వెయ్యి పెట్టగలిగినా వెయ్యికి తగ్గ అప్పు తగ్గుతుంది.

చేతిలో కొంత సొమ్ము ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది, మెసేజ్‌లో దాని ఊసే లేదు. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నామని ఆన్‌లైన్‌లో తెలపడం) చేయాలి, లేదంటే సీటు పోతుంది. బ్యాంకేమో అడ్మిషన్ లెటరు, ఫీజు వివరాలు, మార్కుల మెమోలు, తల్లిదండ్రుల ఆదాయ పత్రాలు అన్నీ చూశాకే మంజూరు చేస్తుంది. గడువు మీద ఉన్న ఫీజు లోను కోసం ఆగదు. 4 లక్షలు దాటిన లోనుకి దేశంలో చదువులకైతే 5 శాతం, విదేశాలకైతే 15 శాతం మార్జిన్, అంటే ఖర్చులో మన వాటా, మనమే పెట్టుకోవాలి.

హామీ సంగతి. 2015లో కేంద్రం తెచ్చిన క్రెడిట్ గ్యారంటీ ఫండ్ వల్ల 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు, మూడో మనిషి పూచీకత్తు అక్కర్లేదన్నది నిజం. కానీ లోను పత్రాల మీద తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు. ఆ సంతకంతో అప్పు వాళ్లది కూడా అవుతుంది. పిల్లలు కట్టకపోతే సిబిల్ స్కోరు ఇద్దరికీ పడిపోతుంది.

‘ప్రభుత్వమే చూసుకుంటుంది’ అన్నది పుట్టింది కూడా ఈ ఫండ్ నుంచే అనుకుంటాను. ఎగవేసిన మొత్తంలో 75 శాతం వరకూ ఫండ్ చెల్లించేది బ్యాంకుకు, బ్యాంకు నష్టం పూడ్చడానికి. విద్యార్థి బాకీ రద్దు కాదు. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, వసూలు ప్రయత్నాలు మొదలవుతాయి.

పన్ను విషయానికొస్తే, 80ఇ పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు వడ్డీకే, అసలుకి కాదు. అదీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లే. మినహాయింపు అంటే వడ్డీ తిరిగి రావడం కాదు, అంతమేర ఆదాయం మీద పన్ను పడకపోవడం. 20 శాతం శ్లాబులో ఉన్నవారు లక్ష వడ్డీ కడితే తగ్గే పన్ను సెస్‌తో కలిపి 20,800, మిగతా 79,200 జేబులోంచే పోతుంది. కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపే లేదు. అందులో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి పన్నే పడదు కాబట్టి, ఏటా నాలుగైదు లక్షలతో మొదలుపెట్టే పిల్లలకు తగ్గించుకోవడానికి పన్ను ఎక్కడుంది?

లోను చెడ్డదని నేననడం లేదు. కుటుంబ ఆదాయం ఏటా 4.5 లక్షల లోపు ఉంటే, అర్హత ఉన్న కాలేజీల్లో వృత్తి, సాంకేతిక కోర్సులకు మారటోరియం కాలపు వడ్డీని కేంద్రం భరిస్తుంది. ఈ ఒక్కటీ మెసేజ్‌లో లేకపోవడం నాకు బాధగా ఉంది, నిజంగా పనికొచ్చే సమాచారం ఇదే. 2024 నవంబరులో కేబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి 10 లక్షల వరకూ లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అదీ ఎంపికైన కాలేజీలకే, ఏటా లక్ష మందికే, మారటోరియం కాలానికే. మీ పిల్లలు చేరే కాలేజీ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి, ఆదాయ ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి.

ఇప్పటికే లోను తీసుకున్నవాళ్లు చదువు జరుగుతుండగానే వడ్డీ కట్టడం మొదలుపెట్టండి. పై లెక్కలో మొదటి ఏడాది అది నెలకు 1,562 రూపాయలు, రెండో ఏడాది 3,125, మూడో ఏడాది 4,687, ఆ తర్వాత 6,250. అలా కడుతూ పోతే ఈఎంఐ మొదలయ్యేనాటికి అప్పు 7.5 లక్షల దగ్గరే ఉంటుంది, పదేళ్ల వాయిదా 13,380 నుంచి సుమారు 9,910కి దిగుతుంది. చదువుకునే కాలంలో వడ్డీ సక్రమంగా కట్టేవారికి ఒక శాతం వరకూ వడ్డీ తగ్గించే వెసులుబాటు నమూనా పథకంలోనే ఉంది. మీ బ్రాంచిలో అది ఇస్తారేమో పేరు పెట్టి అడగండి.