పిల్లాడి కడుపునొప్పికి సీటీయే దిక్కా? పావుగంట ఎమ్మారై సంగతి ఆలోచించండి

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ స్కానింగ్ మెషిన్లకి కరువు లేదు. కానీ ఏడెనిమిదేళ్ల పిల్లాడికి బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి రాత్రికి కుడిపక్క కిందకి దిగి, వాంతులై, ఇంట్లో పెద్దోళ్లు 24 గంటల నొప్పేమోనని (అపెండిక్స్ వాపు) కంగారుగా ఆస్పత్రికి తీసుకొస్తే జరిగేది చాలాచోట్ల ఒకటే: అల్ట్రాసౌండ్ చేస్తారు, గ్యాస్ అడ్డమొచ్చి అపెండిక్స్ కనపడలేదని రిపోర్టొస్తుంది, తర్వాత ఎక్స్‌రే రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్. రేడియేషన్ లేని ఎమ్మారై అనే మాటే రాదు, ఎందుకంటే అది ముప్పావుగంట పని, పిల్లలకి మత్తు లేకుండా కుదరదు అనే లెక్క అందరి మనసుల్లో పాతుకుపోయింది. ఆ లెక్క ఎప్పుడో మారింది.

ఎమ్మారైకి టైమ్ ఎందుకు పడుతుందంటే, బొమ్మకి కావాల్సిన సమాచారాన్ని మెషిన్ వరసకి వరస మెల్లగా పోగేసుకుంటుంది, ఈలోగా పిల్లాడు ఊపిరి తీసినా, పేగు కదిలినా, ఏడ్చి పక్కకి తిరిగినా బొమ్మ అలుక్కుపోతుంది. సింగిల్ షాట్ పద్ధతిలో ఒక్కో స్లైస్‌ని (ఒంటి అడ్డకోత బొమ్మని) సుమారు సెకనులోనే పట్టేస్తారు కాబట్టి కదలిక బెడద బాగా తగ్గుతుంది. పైగా 1999లో వచ్చిన సెన్స్, 2002లో వచ్చిన గ్రాప్పా పద్ధతులతో చాలా కాయిల్స్ (ఒంటి మీద పెట్టే యాంటెన్నాల్లాంటివి) ఒకేసారి సిగ్నల్ పట్టుకుని టైమ్ తగ్గించాయి, 2007 నుంచి కంప్రెస్డ్ సెన్సింగ్ కూడా తోడైంది, అంటే తక్కువ కొలతలు తీసుకుని మిగతాది గణితంతో రాబట్టడం. అపెండిక్స్ చూడ్డానికైతే సింగిల్ షాట్ పద్ధతే చాలావరకు సరిపోతుంది, బొమ్మ తేటగా రావడానికిచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు, కాస్త చెప్తే వినే వయసు పిల్లలైతే మత్తూ అక్కర్లేదు, పావుగంటలో బయటికొచ్చేయొచ్చు. దీనికి కొత్త మెషిన్ కొనాల్సిన పని కూడా లేదు, మామూలు 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మెషిన్లోనే అవుతుంది.

సీటీ చెడ్డదని నేననట్లేదు. పిల్లాడి పరిస్థితి విషమిస్తున్నప్పుడు, వేరే దారి లేనప్పుడు సీటీ తీయాల్సిందే. కానీ 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, చిన్నతనంలో సీటీ తీయించుకున్న 6.8 లక్షల మందిలో క్యాన్సర్లు మిగతావాళ్లకంటే 24 శాతం ఎక్కువ కనిపించాయి. ఒక్కొక్క బిడ్డకీ ఆ ముప్పు చాలా చిన్నదే, అయినా తప్పించుకునే దారుంటే తప్పించాలి కదా, పెరిగే వయసు ఒంటికి రేడియేషన్ ఎక్కువ చేటు చేస్తుందని డాక్టర్లందరికీ తెలుసు.

మరి అడ్డమేంటి? నా దృష్టిలో అడ్డం మెషిన్ కాదు, ఏర్పాటు. పిల్లాడికి మొలతాడు వెండిది, కాళ్లకి పట్టీలు, మెడలో రాగి తాయెత్తు, అవన్నీ విప్పి, చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టి, అమ్మ పక్కనే ఉంటుందని నచ్చజెప్పడానికి పట్టే టైమ్ ఒక్కోసారి స్కాన్‌కంటే ఎక్కువ, మన టెక్నీషియన్లకి అంత తీరిక ఉండదు, వెనకాల నడుంనొప్పి, మోకాలినొప్పి పేషెంట్లు క్యూలో ఉంటారు. చిన్న స్కాన్‌కి చిన్న రేటు కూడా ఉండాలి, కాంట్రాస్ట్‌తో చేసే ఫుల్ అబ్డామిన్ (కడుపు మొత్తం) స్కాన్ రేటే దీనికీ వేస్తే ఏ తండ్రి ఒప్పుకుంటాడు?

ఇక్కడ నాకో భయం కూడా ఉంది. పావుగంటే కదా అని ప్రతి కడుపునొప్పికీ ఎమ్మారై రాసేస్తే అది ఇంకో దోపిడీ అవుతుంది. మలబద్ధకం, నులిపురుగులు, యూరిన్ ఇన్ఫెక్షన్, వైరల్ జ్వరంతో కడుపులో గ్రంథులు వాయడం, ఇలా పిల్లల నొప్పికి సవాలక్ష కారణాలు. ముందు డాక్టర్ చెయ్యేసి కడుపు చూడాలి, తర్వాత రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్, అప్పటికీ తేలకపోతేనే ఈ ఎమ్మారై.

మొదలవ్వాల్సింది గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), మంగళగిరి ఎయిమ్స్ లాంటి బోధనాసుపత్రుల నుంచే. పిల్లల సర్జన్, రేడియాలజిస్ట్ కూర్చుని ఏ పిల్లలకి, ఏ సీక్వెన్సులు (ఎమ్మారై బొమ్మలు తీసే రకాలు), ఎంతసేపు అనేది ఒక కాగితం మీద రాసుకుంటే అక్కడ చదువుకున్న కుర్ర డాక్టర్లే రేపు ప్రైవేటుకి తీసుకెళ్తారు. కాకపోతే రాత్రి రిపోర్టు ఎవరిస్తారో కూడా అదే కాగితంలో ఉండాలి. రాత్రి రెండు గంటలకి తీసిన స్కాన్‌ని పొద్దున్న పదింటికి చూస్తే ఈలోగా అపెండిక్స్ పగిలిపోవచ్చు.