మధ్యలో ఇంటికి వెళ్లిపోయిన ఎల్డర్

డాలస్ శివార్లలో మేముండే వీధిలోకి పోయిన ఏడాది జులైలో ఇద్దరు కుర్రాళ్లు సైకిళ్ల మీద వచ్చారు, ఇంటింటికీ తిరిగి తమ మతం గురించి చెప్పే మోర్మన్ మిషనరీలు. తెల్ల చొక్కాలు, టైలు, జేబు మీద నల్ల బ్యాడ్జి. టెక్సస్ జులై ఎండ మన రెంటచింతల, రామగుండం ఎండలకు ఏమాత్రం తీసిపోదు. తలుపు తీసేసరికి ఇద్దరి మొహాలూ కందిపోయి ఉన్నాయి. "మేం మతం మారేవాళ్లం కాదు బాబూ, అయినా లోపలికొచ్చి కాసేపు కూర్చోండి" అన్నాను. టీ పెట్టమంటారా అని అడిగితే వద్దన్నారు. మొహమాటపడుతున్నారనుకున్నాం కానీ, వాళ్ల సంఘంలో టీ, కాఫీ, మద్యం, పొగాకు నాలుగూ నిషిద్ధమట. చివరికి మా ఆవిడ మజ్జిగలో ఉప్పేసి, కాస్త అల్లం దంచి వేసి ఇచ్చింది. పెద్దవాడు గటగటా తాగేశాడు. చిన్నవాడు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఒక్కో గుక్కే తాగుతూ మా గోడ మీది ఫ్యామిలీ ఫొటోలు చూస్తూ కూర్చున్నాడు. వాడికి పంతొమ్మిదేళ్లు, సొంతూరు ఐడహోలో ఎక్కడో పల్లెటూరు.

సెప్టెంబరులో పెద్దవాడు వేరే కుర్రాడితో వచ్చాడు. చిన్నబ్బాయి ఏడీ అని అడిగితే, "ఇంటికి వెళ్లిపోయాడు" అని గొంతు తగ్గించి చెప్పాడు. ఒంట్లో బాగాలేదా అంటే, "మనసు బాగాలేదు" అన్నాడు, ఇంకా చిన్న గొంతుతో. ఆ గొంతు ఎందుకు తగ్గించాల్సి వచ్చిందా అన్నదే అప్పట్నుంచీ నా బుర్రలో తిరుగుతోంది.

వీళ్లను మనం మోర్మన్లు అంటాం గానీ, ఆ పేరు వాడొద్దని 2018లో వాళ్ల పెద్దలే కోరారు. సంఘం అసలు పేరు 'యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం'. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టాడు, ఇప్పుడు కేంద్రం యూటాలోని సాల్ట్ లేక్ సిటీ. ప్రపంచం మొత్తం మీద 70 వేలకు పైగా మిషనరీలు పనిచేస్తున్నారు, అందులో ఎక్కువమంది ఇరవై అటూ ఇటూ వయసువాళ్లే. 2012 వరకు అబ్బాయిలు పంతొమ్మిదేళ్లు నిండాకే వెళ్లేవాళ్లు, ఆ ఏడాది దాన్ని పద్దెనిమిదికి తగ్గించారు. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. ఎక్కడికి వెళ్లాలో వాళ్లు ఎంచుకోరు, సంఘం నుంచి పిలుపు వస్తుంది, అది బ్రెజిల్ కావచ్చు, ఫిలిప్పీన్స్ కావచ్చు, డాలస్ కావచ్చు. జీతం లేదు సరికదా ఖర్చు కూడా వాళ్లదే. 2020 జులై నుంచి అమెరికా కుర్రాళ్లు ఏ దేశం వెళ్లినా నెలకు 500 డాలర్లు కట్టాలి. హైస్కూల్లో ఉండగానే పార్ట్‌టైమ్ పనులు చేసి ఈ డబ్బు దాచుకునే పిల్లలున్నారు.

అయ్యప్ప మాల వేసినవాళ్లను చూసి పెరిగిన మనకు ఇందులో సగం కొత్తగా అనిపించదు. మాల వేసిన రోజు నుంచి మనిషి పేరు పోయి 'స్వామి' అవుతాడు, వీళ్లూ అంతే, సొంత పేరు పక్కనపెట్టి అందరూ 'ఎల్డర్', అమ్మాయిలైతే 'సిస్టర్'. ఒకే రకం బట్టలు, పొద్దున్నే లేవడం, తిండికీ మాటకీ కట్టుబాట్లు, సినిమాలూ సరదాలూ బంద్. కానీ మన స్వామి 41 రోజులు సొంతింట్లో, అమ్మ వండిన భిక్ష తింటూ, గుడిలో పదిమందితో భజన చేస్తూ గడుపుతాడు. ఈ పిల్లలు రెండేళ్లు ముక్కూమొహం తెలియని ఊళ్లో ఉంటారు. తేడా అక్కడే ఉంది.

పొద్దున ఆరున్నరకు లేవాలి, వ్యాయామం, తర్వాత లేఖనాల చదువు, ఆ తర్వాత వీధులు, రాత్రి పదిన్నరకల్లా పడక. ప్రాంతాన్ని బట్టి అరగంట అటూ ఇటూ. తోడుగా ఎప్పుడూ ఇంకో మిషనరీ ఉండాల్సిందే, స్నానాల గదిలో తప్ప ఒంటరితనం అనేది లేదు. ఆ తోడు ఎవరో సంఘమే నిర్ణయిస్తుంది, కొన్ని వారాలకోసారి మారుస్తుంది. ఇద్దరికీ పొసగకపోయినా చచ్చినట్టు కలిసుండాలి. ఒకసారి మా ఆవిడ ఒక్కతే ఇంట్లో ఉన్నప్పుడు వచ్చి, ఎండలో నిలబడే నాలుగు మాటలు మాట్లాడి వెళ్లారు తప్ప గుమ్మం దాటలేదు. అదీ నియమమే. ఇరవై నాలుగ్గంటలూ పక్కన ఒక మనిషి ఉంటూ, మనసులో మాట చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో ఇక్కడ హాస్టల్లో, షేరింగ్ ఫ్లాట్లో బతికిన మనవాళ్లు చాలామందికి తెలుసు.

అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడటం ఏడాదికి రెండుసార్లే ఉండేది, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మిగతా రోజుల్లో వారానికో ఈమెయిల్. 2019 ఫిబ్రవరిలో సంఘం దీన్ని మార్చి, వారానికోసారి ఫోన్ గానీ వీడియో కాల్ గానీ చేసుకోవచ్చంది. ఈ మధ్యకాలంలో ఆ సంఘం తీసుకున్న నిర్ణయాల్లో ఇంత మంచిది ఇంకోటి లేదని నా అభిప్రాయం. అమ్మ గొంతు వింటే పిల్లాడి దృష్టి చెదిరిపోతుందని భయపడినవాళ్లున్నారు. అమ్మ గొంతు వింటే కదిలిపోయేది విశ్వాసం ఎలా అవుతుంది?

అసలు బరువు వేరే ఉంది. వీళ్ల సభల్లో నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి, ఎవరికి తోస్తే వాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. అక్కడ 'నేను నమ్ముతున్నాను' అనడం కంటే 'నాకు తెలుసు' అనడం ఎక్కువ. ఈ సంఘం నిజమని నాకు తెలుసు, దేవుడు నా మొర వింటాడని నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగిన ఆ మాటను పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఇప్పుడు రోజూ కొత్తవాళ్ల ముందు తన నోటితో చెప్పాలి. తలుపు తర్వాత తలుపు మూసుకుంటుంటే, రాత్రి మంచం మీద పడుకుని తనను తాను అడుక్కోడా, నాకు నిజంగా తెలుసా అని? ఆ ప్రశ్న తప్పు కాదు. చాలామందికి అప్పటిదాకా ఇంటి నుంచి వచ్చిన భక్తి ఆ ప్రశ్న దాటాకే సొంతం అవుతుంది. కానీ ఆ ప్రశ్న వచ్చినప్పుడు పగలంతా 'తెలుసు' అని చెబుతూ తిరగాల్సి రావడం కష్టం, అదీ వారం వారం ఎంతమందికి బోధించావని లెక్క చెప్పుకునే చోట.

ఆ లెక్కల మీద నాకు నమ్మకం లేదు. మన హైదరాబాద్ సంగతే చూడండి. సమోవాలో ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి తమ బంధువులకు చెబితే, 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడ మొదలై, 2012లో భారతదేశంలో మొట్టమొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. అది సైకిళ్ల మీద తిరిగితే జరిగింది కాదు, రక్తసంబంధం వల్ల జరిగింది. మత మార్పిడి మంచిదా చెడ్డదా అన్న వాదన మనలో ఉంది, ఉండాలి కూడా, నేనైతే వాళ్లకు మొదటిరోజే వద్దని చెప్పాను. నేను వద్దంటే అది ఆ కుర్రాడి విశ్వాసంలో లోటు కాదు.

ఇక వెనక్కి వెళ్లినవాళ్ల విషయం. అమ్మాయిలకు మిషన్, అంటే ఇలా మిషనరీగా వెళ్లి పనిచేయడం, ఇష్టమైతేనే, అబ్బాయిలకు మాత్రం దాన్ని బాధ్యతగా చెబుతారు, అందుకే అబ్బాయి మధ్యలో వచ్చేస్తే ఊరంతా చూస్తుంది. మన సంబంధాల్లో అబ్బాయి వీసా ఏంటని అడిగినట్టు, అక్కడ పెళ్లి మాటల్లో మిషన్ పూర్తిచేశాడా అనేది వస్తుంది. నిరాశలో కూరుకుపోయి తిరిగొచ్చిన పిల్లాడు అందరి చూపులూ తప్పించుకుంటూ ప్రార్థనకు వెళ్లడమే మానేస్తాడు. విశ్వాసం పెంచడానికి పంపి, దాన్ని పోగొట్టుకునేలా చేసేది ఆ చూపులే. 2020 మార్చిలో కరోనా వచ్చి వేలమంది మిషనరీలు గడువు తీరకుండానే ఇళ్లకు చేరితే ఎందుకొచ్చావని ఎవరూ నిలదీయలేదు, కారణం అందరికీ కనిపిస్తోంది కాబట్టి. కనిపించని జబ్బుకు ఆ మర్యాద ఎందుకు దక్కదు? ఇంటి దగ్గరే ఉంటూ సేవ చేసే మిషన్లు సంఘంలో ఉన్నాయి, ఆరోగ్యం సహకరించనివాళ్లను అటు పంపుతున్నారు కూడా. అది మంచి దారే, కానీ దాన్ని రెండో రకం మిషన్‌గా చూసినన్నాళ్లు ఆ పిల్లాడి తల పైకి లేవదు. మన మాలలో ఇంట్లో దగ్గరివాళ్లు పోతే మాల తీసేస్తారు, దీక్ష చెడిందని ఎవరూ వేలెత్తి చూపరు. వచ్చే ఏడు మళ్లీ వేసుకుంటాడు, లేదా వేసుకోడు.

సెప్టెంబరులో వచ్చిన ఆ ఇద్దరూ వెళ్లేముందు, మీ ఇంట్లో ప్రార్థన చేయొచ్చా అని అడిగారు. చేయండి, కానీ మా కోసం వద్దు, ఐడహో వెళ్లిన ఆ అబ్బాయి కోసం చేయండి అన్నాను. పెద్దవాడు నా వైపు కాసేపు చూశాడు. తర్వాత చేతులు కట్టుకుని తల వంచి, ఈసారి గొంతు తగ్గించకుండా, ఆ అబ్బాయి పేరు పైకే పలికాడు.