"కారని జీపు ఉండదు" అంటూ తిరుగుతున్న ఆయిల్ సలహాలకు జవాబు

పాత జీపులు, జిప్సీలు ఉన్నవాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: జీపు అన్నాక ఆయిల్ కారుతుంది, కారుతోందంటే లోపల ఆయిల్ ఉన్నట్టే, టెన్షన్ పడొద్దు. గేర్ బాక్స్, క్రౌన్‌లలో (క్రౌన్ అంటే యాక్సిల్ మధ్య గుండ్రటి డొప్పలో ఉండే డిఫరెన్షియల్) ఏళ్ల తరబడి ఉన్న ఆయిల్ తీసి కొత్తది పోస్తే సీళ్లన్నీ పోతాయి, కదిలించొద్దు. మార్చక తప్పకపోతే చిక్కటి 140 నంబరు గేర్ ఆయిల్ తెచ్చి అన్నిట్లోనూ అదే పోయండి, కారడం ఆగిపోతుంది. ఫోర్ వీల్ వేయని బండికి ముందు క్రౌన్ ఆయిల్ మార్చక్కర్లేదు. ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య నుంచి చుక్క పడుతుంటే మాత్రం మెయిన్ సీల్ (ఇంజన్ వెనక చివర ఉండే ఆయిల్ సీల్) పోయినట్టే, గేర్ బాక్స్ దింపించేయండి.

మొదటి నాలుగూ వింటే బండి పాడవుతుంది, ఐదోది వింటే చేతి చమురు వదులుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది మారుతి జిప్సీ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. పాత మహీంద్రా జీపు తేడాగా ఉన్నచోట ఆ సంగతి చెబుతాను.

"కారుతోందంటే ఆయిల్ ఉన్నట్టే."

జోకుగా అయితే నవ్వుకోవచ్చు. కానీ గేర్ బాక్స్‌లో, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (గేర్ బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె), క్రౌన్‌లో ఉండే ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా కాలిపోయేది కాదు. తగ్గిందంటే కారిపోయినట్టే. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పట్టేదే లీటరు లోపు. దానికి డిప్ స్టిక్ లేదు, తగ్గితే డాష్ బోర్డు మీద వెలిగే లైటూ లేదు. రోజుకి నాలుగు చుక్కలే కదా అని వదిలేస్తే కొన్ని నెలల తర్వాత చప్పుడు వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పటికి బేరింగులు అరిగిపోయి ఉంటాయి.

అన్నిటికన్నా ప్రమాదం వెనక చక్రాల దగ్గర లీక్. యాక్సిల్ చివర సీల్ పోతే క్రౌన్ ఆయిల్ హౌసింగ్ గొట్టం వెంట వచ్చి బ్రేక్ డ్రమ్ములో పడుతుంది. నేల మీద చుక్క కూడా కనబడకపోవచ్చు. టైరు లోపలి వైపు చూడండి. రిమ్ము నుంచి బయటికి చారలు చారలుగా తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటే అనుమానించాల్సిందే. ముట్టుకుంటే జిడ్డుగా ఉండి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తే గేర్ ఆయిల్. నీళ్లలా పల్చగా ఉండి ఆ వాసన లేకపోతే బ్రేక్ ఫ్లూయిడ్, అంటే వీల్ సిలిండర్ కారుతోందన్నమాట. ఏదైనా సరే, ఆ బండితో పాడేరు ఘాట్ దిగకండి. ఆయిల్ పీల్చుకున్న బ్రేక్ లైనర్లను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. పైన ఆరినట్టు కనిపించినా, డ్రమ్ము వేడెక్కగానే లోపల ఇంకిన ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. సీల్‌తో పాటు లైనర్లూ మార్చాలి, అదీ రెండు వైపులా.

"కొత్త ఆయిల్ పోస్తే సీళ్లు పోతాయి."

సీల్ పనిచేసేది దాని రబ్బరు పెదవి షాఫ్టుకి అంటుకుని ఉండటం వల్ల. ఆ పెదవిని నొక్కి పట్టడానికి వెనక సన్నటి స్ప్రింగ్ ఉంటుంది. మడ్డి అడ్డం పడి ఆయిల్‌ని ఆపదు. ఏళ్లకొద్దీ వేడికి రబ్బరు గట్టిపడుతుంది, పెదవి రాసుకుని రాసుకుని షాఫ్టు మీద గాడి పడుతుంది. ఇవి రెండూ ఆయిల్ మార్చకముందే జరిగిపోయి ఉంటాయి. పాత ఆయిల్ సగానికి పడిపోతే సీల్ దాకా అందదు కాబట్టి లీక్ కూడా ఆగుతుంది. కొత్తది నిండుగా పోయగానే మళ్లీ మొదలవుతుంది. నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. ఈ పుకారుకి మూలం ఇదే అని నా అభిప్రాయం.

కొత్త సీల్ వేసినా నెల తిరక్కుండా కారుతోందంటే సీల్ కంపెనీని తిట్టే ముందు బ్రీదర్ చూడండి. క్రౌన్ హౌసింగ్ మీద, గేర్ బాక్స్ మీద, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద గాలి పోవడానికి చిన్న దారి ఉంటుంది. బండి నడిచేకొద్దీ లోపల ఆయిల్ వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఆ ఒత్తిడి సీళ్ల మీద పడి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి తిరిగే జీపుల్లా బురదలో, వాగుల్లో నడిచే బళ్లకి ఇది మామూలే. విప్పి డీజిల్‌లో కడిగి నోటితో ఊదితే గాలి ఆడాలి. పైసా ఖర్చు లేని పని. అయినా చూసేవాళ్లు తక్కువ.

బ్రీదర్ సంగతి అక్కడితో అయిపోలేదు. వేడెక్కిన క్రౌన్ ఒక్కసారిగా వాగు నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, బయట నుంచి పీల్చుకుంటుంది. బ్రీదర్ నీటి పైన లేకపోతే, లేదా మూసుకుపోయి ఉంటే, పీల్చేది నీళ్లనే. అలా నీళ్లు కలిసిన ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారుతుంది. అలాంటి ఆయిల్‌ని "కదిలించొద్దు" అనడం బేరింగుల్ని తుప్పుకి అప్పజెప్పడమే. వాగుల్లో తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల లెక్క చూసుకుంటూ కూర్చోకూడదు. దాటి వచ్చిన వారంలోనే ఫిల్లర్ బోల్టు విప్పి వేలు పెట్టి రంగు చూడాలి. బ్రీదర్‌కి ఒక రబ్బరు గొట్టం తగిలించి బానెట్ కింద దాకా తీసుకెళ్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త: కింది డ్రెయిన్ బోల్టు కంటే ముందు పై ఫిల్లర్ బోల్టు విప్పాలి. పాత బళ్లలో అది పట్టేసి ఉంటుంది. ముందు ఆయిలంతా దించేశాక పై బోల్టు తల అరిగిపోయి రాకపోతే, ఖాళీ క్రౌన్‌తో బండి షెడ్డులోనే ఉండిపోతుంది. బండి కాస్త నడిపి వచ్చి, ఆయిల్ వెచ్చగా ఉన్నప్పుడు దించితే మడ్డి కూడా దిగుతుంది. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలకపోతే అది మామూలు అరుగుదలే. గోటికి తగిలే ముక్క, విరిగిన గేర్ పన్ను కనిపిస్తే కొత్త ఆయిల్ డబ్బా పక్కన పెట్టి హౌసింగ్ విప్పించాలి. నింపేటప్పుడు బండి సమతలం మీద ఉండాలి, ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా వస్తే చాలు. ఎలాగూ కారిపోతుందని జాక్ ఎత్తి ఎక్కువ కుక్కితే ఆయిల్ నురగ కడుతుంది, వేడెక్కుతుంది, అదే సీళ్ల మీద పడుతుంది.

"140 పోస్తే ఆగుతుంది, అన్నిట్లో ఒకటే పోయొచ్చు."

ముందు అంకెల గందరగోళం తీరాలి. గేర్ ఆయిల్ 90 అంటే ఇంజన్ ఆయిల్ 40 కన్నా రెండింతలు చిక్కన అనుకుంటారు చాలామంది. రెండూ వేరు వేరు కొలమానాలు. 100 డిగ్రీల దగ్గర ఇంజన్ 40 చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే ప్రమాణం) మధ్య ఉంటుంది. గేర్ 90ది 13.5 నుంచి 18.5. అంటే ఇంచుమించు పక్కపక్కనే. 140 మాత్రం 24 నుంచి మొదలవుతుంది. 90 పోయాల్సిన చోట 140 పోస్తే గట్టిపడ్డ సీల్ సందులోంచి కొన్నాళ్లు తక్కువ కారొచ్చు, నిజమే. ఘాట్ ఎక్కి వేడెక్కాక అదీ పల్చబడి కారుతుంది. ఈలోగా లంబసింగి చలికాలం ఉదయాల్లో గేరు పడదు, క్రౌన్‌లో పినియన్ బేరింగుల దాకా ఆయిల్ పాకడానికి చాలా సేపు పడుతుంది. మీ బండి మాన్యువల్‌లోనే 140 అని ఉంటే అది వేరే సంగతి, పోసుకోండి.

"అన్నిట్లో ఒకటే" అన్నది ఇంకా చెడ్డ సలహా. క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ విపరీతమైన ఒత్తిడితో తిరుగుతాయి. వాటికి జీఎల్-5 రకం కావాలి (ఈ జీఎల్ అంకె చిక్కదనానిది కాదు, ఆయిల్ ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే తరగతి), అందులో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. అదే ఆయిల్ గేర్ బాక్స్‌లో పోస్తే ఇత్తడి సింక్రో రింగులకి (గేరు మారేటప్పుడు రెండు గేర్ల వేగం కలిపేవి) పట్టు దొరకదు, కొన్ని రకాల్లో ఆ గంధకం ఇత్తడినే తినేస్తుంది. గేరు వేసేటప్పుడు కరకరమంటే క్లచ్‌ని అనుమానిస్తారు గానీ ఆయిల్ డబ్బా మీద ఏం రాసుందో చూడరు. అందుకే గేర్ బాక్స్‌కి మాన్యువల్ జీఎల్-4 అంటే జీఎల్-4 పోయాలి. జిప్సీ మొత్తానికి నాలుగు చోట్లా కలిపి ఐదారు లీటర్లే పడుతుంది. రెండు రకాలు కొంటే వచ్చే నష్టం ఏముంటుంది?

పాత విల్లీస్ తరహా మహీంద్రా జీపులో ఒక చిక్కు ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ బాక్స్‌కి నేరుగా బిగించి ఉంటుంది, మధ్యలోంచి ఆయిల్ ఇటూ అటూ పోతుంది. ఒకదాంట్లో తగ్గి ఇంకోదాంట్లో పెరిగి ఉంటే బయట లీక్ కోసం వెతకడం దండగ.

"ఫోర్ వీల్ వేయకపోతే ముందు క్రౌన్ ఆయిల్ పాడవదు."

ఫ్రీ వీలింగ్ హబ్‌లు (ముందు చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసే తాళాలు) లేని బండిలో, లేదా ఉన్నా లాక్‌లో వదిలేసిన బండిలో, లివర్ టూ వీల్‌లో ఉన్నా ముందు చక్రాలే యాక్సిళ్లని, క్రౌన్‌ని, దానికి తగిలించిన ప్రొపెల్లర్ షాఫ్టుని తిప్పుతూ ఉంటాయి. హబ్‌లు ఫ్రీగా ఉంటే క్రౌన్ తిరగదు, నిజమే. కానీ అప్పుడు ఆయిల్ పైకి చిమ్మదు, పై భాగాలు పొడిబారి చెమ్మకి తుప్పు పడతాయి, సీల్ పెదవి ఎండిపోతుంది. నెలకోసారైనా మట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి కాస్త దూరం నడపాలి, తారు రోడ్డు మీద వద్దు.

జిప్సీలో స్టీరింగ్ తిరిగే చోట చక్రం వెనక పెద్ద ఇనుప గోళం ఉంటుంది. దాని లోపల ఉండాల్సింది గ్రీజు. అక్కణ్ణుంచి నల్లగా పల్చటి ద్రవం కారుతుంటే గ్రీజు కరిగిందని సరిపెట్టుకోకండి. లోపలి యాక్సిల్ సీల్ పోయి క్రౌన్ ఆయిల్ వచ్చి గ్రీజులో కలుస్తోందని అర్థం. బయటి రబ్బరు సీల్ ఒక్కటే మార్చి పంపిస్తే మళ్లీ అదే కథ.

"బెల్ హౌసింగ్ దగ్గర చుక్క పడితే మెయిన్ సీలే."

ఎక్కువ డబ్బు వదిలేది ఈ మాటకే. బెల్ హౌసింగ్ అంటే ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే డొప్ప. ఆయిల్ ఎక్కడ పుట్టిందో అక్కడ పడదు. కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క పడే చోటుతో మొదలెట్టకుండా, తడి ఉన్నవాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్న చోటు వెతకాలి. పాత కార్బ్యురేటర్ జిప్సీలో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) ఇంజన్ హెడ్‌కి వెనక వైపు, సరిగ్గా బెల్ హౌసింగ్ పైన ఉంటుంది. దాని దగ్గర రబ్బరు రింగు గట్టిపడితే ఆయిల్ ఇంజన్ వెనక గోడ వెంట జారి, బెల్ హౌసింగ్ కిందికి చేరి, అచ్చం మెయిన్ సీల్ పోయినట్టే చుక్క కడుతుంది. ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ కారినా ఇదే దారి.

చేయాల్సింది ఇది. ఇంజన్ వెనక భాగం, బెల్ హౌసింగ్, గేర్ బాక్స్ డీజిల్‌తో, బ్రష్‌తో శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. ఆరాక డిస్ట్రిబ్యూటర్ కింద నుంచి బెల్ హౌసింగ్ అడుగు దాకా ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లాలి. కాసేపు నడిపి వచ్చి టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడర్ మీద తడి దారి గీతలా కనబడుతుంది, పై నుంచి వచ్చిందా కింద నుంచా అన్నది ఇక వాదన అక్కర్లేదు. పైన తడి ఉంటే రబ్బరు రింగు, ప్యాకింగ్ మార్చి, మళ్లీ కడిగి, మళ్లీ పౌడర్ చల్లి చూడాలి. పాత జిడ్డు మీద సిలికాన్ పూస్తే అంటదు. సిలికాన్ వాడాల్సిన చోట కూడా రెండు ముఖాలూ శుభ్రంగా గీకి సన్నటి గీత చాలు. ఎక్కువైనది లోపలికి ఊడి ఆయిల్‌లో పడుతుంది.

పైనంతా పొడిగా ఉండి బెల్ హౌసింగ్ అడుగు రంధ్రం దగ్గరే తడి వస్తే అప్పుడు వాసన చూడండి. గంధకం కంపు కొడితే అది గేర్ బాక్స్ ముందు సీల్, మెయిన్ సీల్ కాదు. నల్లగా ఇంజన్ ఆయిల్‌లా ఉంటే మెయిన్ సీల్. ఏదైనా గేర్ బాక్స్ దింపాల్సిందే కాబట్టి రెండు సీళ్లూ ఒకేసారి వేయించండి, క్లచ్ ప్లేట్ ఎంత మిగిలిందో అప్పుడే చూపించమనండి.