నెబ్రాస్కా 1995 ట్రోఫీ గారికి

మహారాజశ్రీ ట్రోఫీ గారి దివ్య సముఖానికి, నెబ్రాస్కా రాష్ట్రపు లింకన్ నగరవాసి రాసుకునే విన్నపం.

నిన్న శనివారం. ‘ఈసారి మన జట్టు వేరు’ అని ఒట్టేసి పక్కింటాయన నన్ను నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూడటానికి పిలిచారు. నాలుగు గంటలు కూర్చున్నాను. ఓడిపోయారు. అందులో వింతేమీ లేదు. ఆట ముగిసిన మరుక్షణం ఆయన లోపలికి వెళ్లి పాత క్యాసెట్టు తెచ్చారు. 1996 జనవరి 2, 1995 సీజన్ జాతీయ విజేతను తేల్చిన ఫియస్టా బౌల్ ఆట, ఫ్లోరిడా మీద 62-24. అంటే తమరే. ఓడినప్పుడల్లా ఇదే హారతి.

తాతలు తాగిన నేతికి మూతులు వాసన చూడమనేవాళ్లను మా ఊళ్లోనూ చూశాను. ఖాళీ గిన్నెకు ఇంత మర్యాద మాత్రం ఇక్కడే చూస్తున్నాను.

అయ్యా, మిమ్మల్ని గెలిచిన కుర్రాళ్లకు ఇప్పుడు యాభై ఏళ్లు. నిన్న బంతి జారవిడిచిన వాడు అప్పటికి పుట్టనే లేదు. పైగా ఇప్పటి ఆటగాళ్లు ఏడాది తిరగకుండా కాలేజీలు మారిపోతున్నారు. నిరుడు ఎదుటి జట్టులో ఉన్నవాడు ఈ ఏడు మనవాడు. అతనికి మీరేమవుతారు? మేనమామ వరసా?

1999 తర్వాత ఒక్క కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) టైటిల్ లేదు, సరే. తొమ్మిది గెలిచి మూడే ఓడిన శిక్షకుడు ఫ్రాంక్ సోలిచ్‌ను 2003లో సాగనంపారు. మీ పక్కన నిలబెడితే ఎవరు మాత్రం కంటికి ఆనతారు? తర్వాత, మీ తమ్ముడు 1997 ట్రోఫీని గెలిచిన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) స్కాట్ ఫ్రాస్ట్‌నే శిక్షకుడిగా తెచ్చుకున్నారు. గతమే నడిచి వచ్చిందని ఊరంతా పండగ చేసుకుంది. ఫలితం 16 గెలుపులు, 31 ఓటములు.

2022 దాకా నెబ్రాస్కా సొంత మైదానంలో 35 పాయింట్లో, అంతకు మించో చేసిన 214 ఆటల్లోనూ గెలుపే. 2022 సెప్టెంబరు 10న 42 చేశారు. ఎదుటి జట్టు జార్జియా సదరన్ యూనివర్సిటీ 45 చేసింది. మర్నాడు ఫ్రాస్ట్ ఉద్యోగం పోయింది. ఇక గారూ లేదు, గీరూ లేదు. ఆ రోజు ఎక్కడున్నావు నువ్వు? 214 సార్లు నిజమైన లెక్క 215వ సారికి మూడు పాయింట్లు కూడా అప్పివ్వలేకపోయిందే! నీ గాజు బీరువా దిగి వచ్చి ఒక్క ఆటగాడినైనా అడ్డుకున్నావా?

అన్నట్టు, ఆ క్యాసెట్టులో అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ టామీ ఫ్రేజియర్ పరుగు ఒకటి ఉంది. మీదపడ్డ వాళ్లనందరినీ విదిలించుకుంటూ 75 గజాలు. నిన్న ఆ ముక్కను రెండోసారి వేయమని అడిగింది పక్కింటాయన కాదు.